తలుపు పన్ను

కువైట్ మీద ఇరాక్ పడ్డ ఆ ఏడాది సంగతి మా రాజంపేట వైపు ఎవరిని కదిపినా బస్సుల గురించే చెబుతారు. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణించి అమ్మాన్, ఎడారిలో డేరాలు, నీళ్ళ ట్యాంకరు దగ్గర తోపులాట, ఆఖరికి బొంబాయిలో విమానం దిగి ఏడవడం. అవన్నీ నేనూ పడ్డాను, కాదనను. కానీ నన్నడిగితే ఆ రెండు నెలల్లో అసలు సంగతి ఖైతాన్‌లో మేం తలదాచుకున్న పాత బిల్డింగులో జరిగింది. అక్కడ మేమొక స్కూలు నడిపాం. దాని ఖర్చుకి ఇంటిపన్ను వేశాం. వేసిన పన్ను పెంచాం. పెంచినందుకు కొట్టుకున్నాం. ప్రభుత్వమే లేకుండా పోయిన దేశంలో పన్ను కోసం పోట్లాడుకున్నవాళ్ళు మేం తప్ప ఇంకెవరైనా ఉంటారా అని ఇప్పటికీ నవ్వొస్తుంది.

అప్పటికి నేను బ్నీద్ అల్ గార్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తున్నాను. మా మామా, అంటే ఇంటి యజమానురాలు, ఎండలు తప్పించుకోవడానికి అందర్నీ తీసుకుని కైరో వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి, తాళం వేసి, చెవి తన చేతిసంచిలో వేసుకుంది. ఇల్లు జాగ్రత్త అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే తెల్లారేసరికి ఊరి నిండా ట్యాంకులు. పక్క విల్లాలో సైనికులు దిగారు. వాళ్ళకి తోచనప్పుడల్లా మా గేటు తన్నేవాళ్ళు. ఒకసారి లోపలికొచ్చి టీవీ పట్టుకుపోయారు. ఇంకోసారి వచ్చి ఫ్రిజ్‌నే మోసుకుపోయారు. వాళ్ళున్నంతసేపూ నేను వంటింటి పక్క కొట్లో బియ్యం బస్తాల వెనక నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. మూడోసారి వస్తే పట్టుకుపోవడానికి ఆ ఇంట్లో నేను తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మధ్యాహ్నమే రొట్టెల వ్యాను తోలే పాకిస్తానీ ముసలాయన్ని బతిమాలుకుని, వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చుని ఖైతాన్ వచ్చేశాను.

ఖైతాన్‌లో నాకు తెలిసిన ఒకే ఒక్క మనిషి నరసింహులన్న. మాది పక్కపక్క ఊళ్ళు. ఏసీ డక్టులు బిగించే షాపులో ఫోర్‌మన్. భార్య రెడ్డెమ్మతో, ఇద్దరు పిల్లలతో మొదటి అంతస్తులో ఒక గదిలో ఉండేవాడు. నేను వెళ్ళేసరికే ఆ గదిలోకి ఫహాహీల్ నుంచి పారిపోయి వచ్చిన ఇంకో రెండు కుటుంబాలు చేరి ఉన్నాయి. ఎవరి కాలు ఎవరిదో తెలియని ఇరుకు. అయినా రెడ్డెమ్మ నన్ను పొమ్మనలేదు.

"తలుపుకి అడ్డంగా పండుకో మేయ్. కాళ్ళు బయట పెట్టుకో," అంది.

అట్లాగే పడుకున్నాను. పొద్దున లేచేసరికి నా కాళ్ళని దాటుకుంటూ బిల్డింగులో సగం మంది నీళ్ళకి పోతున్నారు.

ఆ బిల్డింగులో కింది రెండు అంతస్తులు కుటుంబాలవి, పై రెండు ఒంటరి మగవాళ్ళవి. కింద ఎక్కువగా మా రాయలసీమ వాళ్ళు, పైన ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్ వైపు కూలీలు. పెద్ద హాళ్ళని ప్లైవుడ్‌తో గదులుగా కోసేసి, ఒక్కో గదికి రెండు బందుల మీద ఊగే తలుపొకటి బిగించి ఉండేది. పనుల్లేవు, జీతాల్లేవు. మగవాళ్ళు బస్సుల కబురు కోసం తిరిగేవాళ్ళు, ఆడవాళ్ళు రొట్టెల క్యూలో నిలబడేవాళ్ళు. పిల్లల్ని పట్టించుకునే నాథుడు లేడు. ఒకరోజు నలుగురు పిల్లలు రోడ్డు మలుపులో నిలబెట్టిన ట్యాంకు దగ్గరికి పోయి, దాని మీదున్న సైనికుణ్ణి చాక్లెట్ అడిగారు. అతనెవరో మంచివాడే, బిస్కెట్టు ఇచ్చి పంపాడు. ఇక్కడ మాత్రం తల్లుల పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ సాయంత్రమే గౌసియా బీ నన్ను పట్టుకుంది. ఆమె కడప మనిషి, బట్టలు కుట్టేది, కింది అంతస్తులో ఆమె మాటకి తిరుగులేదు.

"ఏం తిరుపాలూ, నువ్వు ఊర్లో బాలవాడిలో ఆయాగా చేసినావంట గదా?"

"ముక్కులు తుడిచినాను బీ, చదువు చెప్పలేదు."

"ముక్కులే తుడువు. ఎవుడు చదవమన్నాడు ఈళ్ళని? పొద్దున్నుంచి మధ్యానం దాకా ఒక చోట కూర్చోబెట్టు చాలు."

అట్లా పుట్టింది మా స్కూలు. బిల్డింగు కింద సిర్దాబ్ ఉండేది, నేలమాళిగ. ఓనరు పాత ఫర్నిచరు అందులో పడేసి ఉంచాడు. దాని తాళాలు వాచ్‌మన్ దగ్గరుంటాయి. పిల్లల కోసమైతే తీస్తాను, స్కూలు లేని రోజు మళ్ళీ తాళం వేస్తాను, ఓనరు వస్తే నా మెడ పోతుందని అతను ముందే చెప్పాడు. పిల్లలున్నంతసేపూ అది స్కూలు, వాళ్ళు పోయాక నా ఇల్లు. కార్పెట్ ముక్క మీద కాళ్ళు నిండా చాపి పడుకుంటే ప్రాణం లేచి వచ్చింది.

నాకు వచ్చిన చదువు ఎక్కాలు, ఊళ్ళో నేర్చుకున్న పాటలు. పాటలు పిల్లలకి తొందరగానే మొహం మొత్తాయి. ఎక్కాలు మాత్రం గొంతులు చించుకుని అరిచేవాళ్ళు. పన్నెండో ఎక్కం దగ్గర నేనూ తడబడేదాన్ని, వాళ్ళతో కలిసి గట్టిగా అరిచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. సైనికుల జీపు సందులోకి తిరిగితే వాచ్‌మన్ గేటు దగ్గరున్న నీళ్ళ పైపుని పానాతో కొట్టేవాడు. ఆ చప్పుడు సిర్దాబ్‌లోకి మాత్రమే వినిపించేది. నేను వేలు పెదాల మీద పెట్టగానే పిల్లలు టక్కున ఆగిపోయేవాళ్ళు. జీపు వెళ్ళిపోయాక ఆగిన చోటినుంచే మళ్ళీ అందుకునేవాళ్ళు.

స్కూలన్నాక ఖర్చు ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలకి పప్పన్నం, తాగడానికి నీళ్ళు, వంటకి గ్యాసు, నా తిండి, వాచ్‌మన్ వాటా. దీనికోసం నరసింహులన్న కమిటీ పెట్టాడు. ఊళ్ళో ఒకసారి వార్డు మెంబరుగా చేశాడాయన. ఆ ఐదేళ్ళ సంగతులు తప్ప లోకంలో ఇంకేదీ జరగనట్టు మాట్లాడతాడు.

"మనిషికింత అని తలలు లెక్కబెడితే దినామూ తగాదానే," అన్నాడు చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని. "మా పంచాయతీలో ఎట్ల జేసినాం? గడపకింత అన్నాం. మనుషులు వస్తారు, పోతారు. గడప యాడికి పోతాది?"

"ఈడ గడపలు యాడుండాయన్నా, అన్నీ చెక్క తలుపులే గదా," అంది గౌసియా బీ.

"తలుపే అనుకో. తలుపుకి వారానికొక డబ్బా బియ్యం."

డబ్బా అంటే పాలపొడి డబ్బా. పెద్దగది అయినా చిన్నగది అయినా, తలుపుంటే డబ్బా ఇవ్వాలి. అప్పుడు లేచాడు దేవయ్య. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది, కాంక్రీటు పని. మూడో అంతస్తు హాల్లో అతని మాటే పెద్ద మాట.

"గిదేం న్యాయమన్నా? నాకు పెండ్లే కాలె, పోరగాండ్లెక్కడికెళ్ళి వస్తరు? ఉన్నోళ్ళు ఇచ్చుకోవాలె గని, మేమెందుకియ్యాలె?"

"ఊర్లో ఇంటిపన్ను కట్టేటప్పుడు నీకు బిడ్డలుండారా లేదా అని ఎవురన్నా అడిగినారా?" అన్నాడు నరసింహులన్న.

"ఊర్ల నాకు ఇల్లే లేదు. ఇల్లుంటే గీ ఎడారికి ఎందుకొస్త?"

అందరూ నవ్వారు, దేవయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే డబ్బా ఇచ్చాడు. నరసింహులన్న ఆ నవ్వుని ఒప్పుకోలు అనుకున్నాడు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. ఆ తర్వాత పక్క బిల్డింగు పిల్లలు కూడా మెట్లు దిగడం మొదలుపెట్టారు. రావద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సహకార దుకాణంలో బియ్యం అయిపోయి, బయట దొరికే చోట ధర మండిపోతోంది. గ్యాసు సిలిండరు కోసం పోయినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. కమిటీ మళ్ళీ కూర్చుంది. తలుపుకి రెండు డబ్బాలన్నారు.

మర్నాడు పొద్దున వసూలుకి నరసింహులన్నతో పాటు నేనూ సంచీ పట్టుకుని పైకెళ్ళాను. మూడో అంతస్తు ఎక్కి ఇద్దరం నిలబడిపోయాం. హాల్లో ఒక్క తలుపు లేదు. ప్రతి గదికీ లుంగీయో దుప్పటో వేలాడుతోంది. ఊడదీసిన తలుపులన్నీ గోడకి ఆనించి, ఒకదాని మీద ఒకటి నీట్‌గా పేర్చి ఉన్నాయి. దేవయ్య బనీనుతో కూర్చుని టీ తాగుతున్నాడు.

"తలుపులేమైనాయి?" అన్నాడు నరసింహులన్న.

"ఉక్కపోస్తున్నదన్నా. గాలి కోసం తీసినం."

"నిన్నటిదాకా పోయలేదా ఉక్క?"

"రెండు డబ్బాలన్నప్పటి సంది జర ఎక్కువైంది."

పన్నెవరి దగ్గర తీసుకోవాలి? ఆ హాలు మొత్తానికి మిగిలింది మెట్ల దగ్గరి తలుపొక్కటే. దాని లెక్కన రెండు డబ్బాలు నా సంచీలో పోసి, ఇంకో గ్లాసు టీ కూడా ఇచ్చాడు దేవయ్య. నరసింహులన్న టీ ముట్టలేదు. మెట్లు దిగుతూ, "మా ఊర్లో ఒక్క నాకొడుకు గడప పీకలేదు మేయ్," అన్నాడు. ఆయన బాధ చూస్తే జాలేసింది, పేర్చిన తలుపుల్ని తలుచుకుంటే నవ్వూ ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రెండో రోజుకి నాలుగో అంతస్తు తలుపులూ దిగాయి. పైవాళ్ళ పాలు తగ్గేసరికి కింది కుటుంబాల మీద మూడు డబ్బాలు పడ్డాయి. మూడు డబ్బాలంటే ఒక ఇంటికి పూట గడిచే బియ్యం. కింద కూడా పిల్లలు లేని ఒక జంట తలుపు తీసేసింది. ఆడమనిషి ఉన్న గది, పర్దా చాటున బట్టలు మార్చుకుంటూ ఆ పిల్ల ఏడ్చిందని గౌసియా బీ చెప్పింది. తలుపులున్నవాళ్ళకి లేనివాళ్ళంటే మంట, లేనివాళ్ళకి ఉన్నవాళ్ళంటే వెటకారం. మెట్ల మీద పలకరింపులు కూడా తగ్గాయి.

ఆ వారం చివర కమిటీ కూర్చుంది. తలుపు లేనివాళ్ళకి మాట లేదని నరసింహులన్న రోషంగా పైవాళ్ళని పిలవలేదు. కింది కుటుంబాలు మాత్రమే వచ్చాయి. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు, పెట్టడానికి బియ్యం లేవు, అంతే. రేపటి నుంచి ఎవరి పిల్లల్ని వాళ్ళే గదిలో పెట్టుకోవాలి, స్కూలు ఖలాస్ అన్నారు.

"మరి తిరుపాలు?" అంది రెడ్డెమ్మ.

స్కూలు లేకపోతే సిర్దాబ్‌కి తాళం పడుతుందని అందరికీ తెలుసు. కుటుంబాల గదుల్లో ఎక్కడా చాప పరిచే చోటు లేదనీ తెలుసు. మా రెడ్డెమ్మ గదిలో తలుపుకి అడ్డంగా ఉండే చోటు కూడా ఎవరో అహ్మదీ నుంచి వచ్చిన ముసలమ్మకి పోయింది.

"ఎవురో ఒకరం సర్దుకుందాంలే," అన్నాడు నరసింహులన్న. ఆయన ఎవరి వైపు చూస్తే వాళ్ళు చాప వైపు చూశారు.

నాకు ఒళ్ళు మండింది. "నాకేం తక్కువన్నా, మా మామా ఇల్లుండాది. రేపు రొట్టెల బండిలో పోతా," అన్నాను. అనేసి గబగబా మెట్లు దిగి సిర్దాబ్‌లోకి వచ్చేశాను. రోషానికి అన్నమాట, దాన్ని వెనక్కి తీసుకోమని ఎవరైనా వెంటబడి వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు.

మర్నాడు లేచి పిల్లల గిన్నెలు కడిగి బోర్లించాను. నా గుడ్డలు మూటగట్టుకున్నాను. రొట్టెల ముసలాయన పొద్దు వాలాక అసర్ నమాజు వేళకి ఖైతాన్ వస్తాడు, అక్కణ్ణించి ఊళ్ళోకి పోతాడు. వాచ్‌మన్ తాళం చేత్తో పట్టుకుని, వ్యాను వచ్చేదాకా ఉండమన్నాడు. మూట మీద కూర్చున్నాను. బ్నీద్ అల్ గార్‌లో ఆ ఇంటి గేటు, పక్క విల్లా ముందు కుర్చీలేసుకు కూర్చునే సైనికులు, ఖాళీ వంటిల్లు, ఒక్కొక్కటే కళ్ళ ముందుకొస్తున్నాయి. కొట్లో బస్తాలు ఎత్తుకుపోయి ఉంటారు, ఈసారి దాక్కోవడానికి వాటి చాటు కూడా ఉండదు. ఇన్నాళ్ళూ నేను అంతగా భయపడలేదేమో, ఆ పొద్దున మాత్రం భయమంటే ఏంటో ఒళ్ళంతా తెలిసింది.

బిల్డింగు చిత్రంగా ఉంది. పైన ఒక్క చప్పుడు లేదు. బక్కెట్లు మోగడం లేదు, రేడియో లేదు, పిల్లల ఏడుపు లేదు. రొట్టెల క్యూకి పోయే ఆడవాళ్ళు మెట్లు దిగలేదు. ఇంత మందిలో ఒక్కరైనా వచ్చి పోయొస్తావా అని అడగలేదే అని కోపమొచ్చింది. సిగ్గుతో తలుపులేసుకున్నారు కాబోలు, మంచిదే, సిగ్గుపడనీ అనుకున్నాను. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంకా అదే మౌనం.

అప్పుడు మెట్ల మీద ఎవరో పిల్లిలా దిగుతున్న అలికిడైంది. దేవయ్య. చెప్పుల్లేవు, చేతిలో ఏమీ లేదు. సగం మెట్ల మీద ఆగి, గోడకి అతుక్కుని, గుసగుసగా పిలిచాడు.

"అక్కా. పోయిండ్రా?"

"ఎవరు?"

"మిలిటరోళ్ళు."

"ఎక్కడి మిలిటరీ? ఎవరూ రాలేదే."

అతను నన్నూ, నా వెనక ఖాళీ కార్పెట్టునీ మార్చి మార్చి చూశాడు.

"మరి పొద్దుగాల సంది పోరగాండ్లు సప్పుడు జేస్తలేరేంది?"

"స్కూలు తీసేసినారు దేవయ్యా. నిన్న తీర్మానం చేసినారు."

దేవయ్య ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. పిల్లలు అరుస్తున్నంతసేపూ పైన వాళ్ళకి ధైర్యమట. ఆ అరుపులు ఆగాయంటే సందులోకి జీపు వచ్చిందని లెక్క. రేడియోలు దాచేసి, నీళ్ళ డ్రమ్ముల మీద పరుపులు పరిచి, ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటారట. మళ్ళీ ఎక్కం మొదలైతే లేచి టీ పెట్టుకుంటారట. ఎవరూ ఎవరికీ చెప్పి పెట్టుకున్న ఏర్పాటు కాదది, చెవులకి అలవాటైపోయింది. ఈ పొద్దున అరుపులు వినపడకపోయేసరికి మూడో అంతస్తు, నాలుగో అంతస్తు మొత్తం నేల మీద పడుకుంది. నీళ్ళకని బయల్దేరిన కింది ఆడవాళ్ళు, పైవాళ్ళు నోటి మీద వేలేసుకుని నక్కడం చూసి, స్కూలు లేని సంగతి తెలిసీ కూడా, ఏదో వచ్చిందని పిల్లల నోళ్ళు మూసి లోపల కూర్చున్నారు. రాని జీపుకి భయపడి బిల్డింగు బిల్డింగంతా మధ్యాహ్నం దాకా దాక్కుంది.

"మంచినీళ్ళు గుడ తాగలేదక్కా," అన్నాడు. "ఎప్పుడస్తరో ఎప్పుడస్తరో అని, పానం అరచేతుల పట్టుకున్నం."

కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. గటగటా తాగి, నా మూట వైపు చూశాడు.

"నువ్వెక్కడ పోతున్నవ్?"

"మామా ఇంటికి. స్కూలు లేకపోతే ఇక్కడ నాకు చోటు లేదు గదా."

"గా మాట మాకెవ్వలు జెప్పిండ్రు?"

"తలుపు లేనోళ్ళకి చెప్పేది లేదన్నారు."

గ్లాసు కింద పెట్టి పైకెళ్ళిపోయాడు. కాసేపటికి మూడో అంతస్తులో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాలుగో అంతస్తుకి ఎక్కి, మళ్ళీ దిగి, కింది గదుల్లోకి పాకింది. ఒక్కసారిగా బక్కెట్లు మోగాయి, పిల్లలు వసారాల్లోకి ఉరికారు, గౌసియా బీ ఎవర్నో పట్టుకుని తిడుతోంది. ఆ గోల మధ్యలో ఒక సుత్తి చప్పుడు వినపడింది. మేకు దించుతున్న చప్పుడు. కాసేపాగి ఇంకోటి. తర్వాత రెండు మూడు సుత్తులు ఒకేసారి.

నేను మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడ్డాను. నరసింహులన్న పై నుంచి దిగుతూ ఎదురయ్యాడు. మొహం వెలిగిపోతోంది, దాన్ని కనపడనీకుండా బిగించుకున్నాడు.

"తలుపులు పెట్టుకుంటాండారు మేయ్," అన్నాడు. "మూడో అంతస్తంతా."

"ఉక్క తగ్గిందా?"

ఆయన నవ్వలేదు. వెనకే దేవయ్య భుజం మీద ఒక తలుపు మోసుకుంటూ దిగుతున్నాడు, ఇంకొకడు ఆ చివర పట్టుకున్నాడు. నరసింహులన్న పక్కకి జరిగాడు.

"పన్నిస్తమన్నా," అన్నాడు దేవయ్య రొప్పుతూ. "నాకు పోరగాండ్లు లేరన్న మాట నిజమే. గని వాళ్ళ లొల్లి నాక్కావాలె. గా లొల్లికిస్త రెండు డబ్బాలు. ఆ పన్నెండెక్కం కొంచెం గట్టిగ జెప్పియ్యుమను, నాలుగో అంతస్తుకు సాఫ్‌గ వినవడ్తలేదట."

"తీర్మానం ఉండాది గదా," అన్నాను నేను.

"తీర్మానం నేను చేసిందే. నేనే తీసేస్తా," అన్నాడు నరసింహులన్న. తర్వాత గొంతు తగ్గించి, "రాత్రి నిద్ర పట్టలేదు తిరుపాలూ," అన్నాడు.

బయట హారన్ మోగింది. రొట్టెల వ్యాను. మూట ఇంకా నా చంకలోనే ఉంది. ఎవరూ నన్ను ఆపలేదు, పొమ్మనలేదు, అందరూ నా వైపే చూస్తున్నారు. గేటు దగ్గరికి నేనే వెళ్ళాను. ముసలాయన తల బయటికి పెట్టి, "చలో బేటీ?" అన్నాడు. "నహీ చాచా, మైఁ యహీఁ రహూఁగీ," అన్నాను, ఇక్కడే ఉండిపోతానని. ఆయన ఒక్క క్షణం చూసి, వెనక ట్రేలోంచి మూడు రొట్టెలు తీసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. గుండెల మీద బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

నేను వెనక్కి వచ్చేసరికి సిర్దాబ్‌లో పనివాళ్ళున్నారు. మొన్న బస్సెక్కి పోయిన మగవాళ్ళ గది తలుపు ఒకటి పైన మిగిలిపోయిందట. ఓనరు పాత బీరువాలు రెండు అడ్డంగా జరిపి, మూలన చిన్న గదిలా చేసి, బీరువాకీ గోడకీ మధ్య చెక్క చట్రం కొట్టి ఆ తలుపు బిగించారు. దేవయ్య దాన్ని రెండుసార్లు తీసి వేసి చూశాడు. లోపలి వైపు గడియ ఒకటి బిగించి, నన్ను పిలిచి, పెట్టి చూడమన్నాడు. పెట్టాను. గట్టిగా పడింది.

"ఎవరడిగినారు తలుపు?" అన్నాను లోపల్నుంచి. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

"ఎవ్వలడగలే. ఆడివిల్లవు, ఒక్కదానివి పంటవ్," అన్నాడతను బయట్నుంచి. సుత్తీ మేకులూ ఏరుకుని వెళ్ళిపోయిన చప్పుడైంది.

వాళ్ళు పోయాక ఆ కార్పెట్ ముక్క మీద వాలిపోయాను. సైనికులు దిగిన రోజు నుంచి ఒక చెవి తెరిచే పడుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం రెండు చెవులూ మూసుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. పైన పిల్లలు పరుగులు తీస్తున్నారు, అయినా మెలకువ రాలేదు.

తలుపు చప్పుడుకి లేచాను. ఎవరో వేలి కణుపులతో మెల్లగా కొడుతున్నారు. గడియ మీద చెయ్యి వేసి ఆగాను.

"ఎవరది?" అన్నాను.

"నేనే, నరసింహుల్ని. పన్నుకొచ్చినా," అన్నాడు. "నీకూ తలుపుండాది ఇప్పుడు. రెండు డబ్బాలు."

చీకట్లోనే నవ్వుకున్నాను. నా దగ్గరున్న బియ్యం స్కూలువే. వాటిల్లోంచే తీసి పన్ను కట్టాలి, ఆయన మళ్ళీ వాటిని స్కూలు బస్తాలోనే పోయాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఊరికే ఉంచుకున్నారన్న మాట ఆ బిల్డింగులో ఇక ఎవరూ నన్ను అనలేరు, అందరిలాగే నేనూ పన్ను కట్టే మనిషిని.

"ఒక్కటే ఇస్తా," అన్నాను. "చిన్న తలుపు."

"చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే రేటు," అన్నాడు నరసింహులన్న.

గడియ తీశాను.